ముందు చక్రంలో మోటారు

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. జనగామలో నా మోటారు వైండింగ్ దుకాణం ముందు ముగ్గురు రైతులు నిలబడితే ఇంటికెళ్ళి జాతర అంటాను. కాబట్టి నేను చెప్పేదాంట్లో సగం కోసేసి, మిగిలిన సగాన్ని ఓ పూట ఎండబెట్టి చదువుకోండి.

మా బావ, అంటే అక్క మొగుడు, భూపాలపల్లి మనిషి. వాళ్ళ నాయిన బొగ్గుబాయిలో పనిచేస్తే, ఈయన పట్నం విమానాశ్రయంలో ఓ కాంట్రాక్టు కంపెనీ కింద టగ్గు తోలేవాడు. విమానం ఎంత గొప్పదైనా తనంతట తాను వెనక్కి నడవదు. టగ్గనే పొట్టి బండి దాని ముక్కు కింది చక్రాన్ని పట్టుకొని నెట్టాలి. నేను జనగామలో చాటింది మాత్రం వేరు: "మా బావ విమానాన్ని ఒంటి చేత్తోని నూకుతడు. రెండో చేతిల చాయ్ గ్లాసుంటది."

ఓ వానాకాలం బావ దుకాణానికొచ్చాడు. అప్పుడు నేను కాలిన బోరు మోటారు మూత విప్పి వాసన చూస్తున్నాను. మా దగ్గర అదే పద్ధతి. పరీక్షించే మీటర్లు ఎన్నున్నా వైండింగ్ చేసేవాడు ముక్కు పెట్టి పీల్చి చెప్పేదాకా రైతు నమ్మడు. "మాడింది" అంటే మాడినట్టే, దానిపైన ఇంకో కోర్టు లేదు. నా ముక్కుకు చిల్పూర్ దాకా పేరుందని నేనే ప్రచారం చేసుకున్నాను.

బావ స్టూలు మీద కూర్చున్నాడు. కాలిన మోటారును ఓసారి చూసి మొదలుపెట్టాడు.

"బామ్మర్దీ, కొత్త తీరు విమానమొకటి తెచ్చి చూస్తున్నరు. ముందటి చక్రంలనే కరెంటు మోటారట. తోకల ఉండే చిన్న ఇంజను దానికి కరెంటిస్తదట. టగ్గు లేకుంటనే ఎనుకకు పోతదట."

"పోయిందా మరి?"

"నేనింక జూడలె. ఆ మోటార్ల పని నేర్సుకుంటరా అని మమ్ముల అడుగుతున్నరు. ఆర్నెల్లు. పేరిచ్చేటందుకు ఎల్లుండే ఆఖరు. నాకు యాభై దగ్గరికొచ్చినయి, గిప్పుడు మళ్ళ బడికి పోవాల్నా? నువ్వు మోటార్ల మనిషివి. నిజం జెప్పు. గది నడుస్తదా?"

నాకు జవాబు తెలుసు. మా బోరు మోటారు పాతాళం నుంచి నీళ్ళు తోడుతుంది. పళ్ళచక్రాలు సరిగ్గా కూర్చితే, నేల మీద విమానాన్ని మనిషి నడకతో కదపడం మోటారుకు పెద్ద పనేం కాదు. కానీ బావ కళ్ళల్లో కాలిన మోటారు మోసుకొచ్చిన రైతు చూపే కనబడింది. మాడలేదని చెప్పు అన్నా, అనే చూపు. ఆయన్ని నవ్వించాలనిపించింది.

చేతికందిన రాగి తీగ చుట్ట ఎత్తి గట్టిగా పీల్చాను.

"బావా, ఏనుగును చీమతోని గుంజిస్తరా? నాలుగడుగులు పోంగనే పొగ. ఆ వాసన భూపాలపల్లి దాంక వస్తది. మీ అవ్వ పొయ్యి మీద కూర మాడిందనుకుంటది!"

బావ పొట్ట పట్టుకొని నవ్వాడు. "నీ నోరు పాడుగాను! గంతేనంటవా?"

"రాసిస్త."

ఆయన పేరివ్వలేదు.

మోటారు మాడలేదు, నడిచింది. అలాంటి విమానాలు ఇంకొన్ని వచ్చాయి. కాంట్రాక్టు మళ్ళీ రాసుకునేటప్పుడు కంపెనీ పని నేర్చినవాళ్ళనే ఉంచుకుంది. బావ ఇప్పుడు మహబూబాబాద్ మార్కెట్లో మిర్చి బస్తాల ట్రాక్టరు తోలుతున్నాడు.

పోయిన ఎండాకాలం చూడబోయాను. మిర్చి ఘాటుకు బజారంతా తుమ్ముతోంది, ఇది పెంచి చెప్పడం కాదు. బావ ట్రాలీని వెనక్కి తీస్తున్నాడు, పసిపిల్లను ఊయల్లో పడుకోబెట్టినంత మెల్లగా. మధ్యలో ఆపి, తల పైకెత్తి కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు.

ఓ హమాలీ అరిచాడు: "ఏందే అన్నా, మీదికేం జూస్తవ్? కిందికి జూడు, బస్తాలున్నయి!"

అందరూ నవ్వారు. రెక్కలు ఎక్కడైనా తగులుతాయేమోనని ఆయన చూసుకుంటున్నాడు. జిల్లా మొత్తానికి సరిపడా నవ్వేవాణ్ణి, నాకు నవ్వు రాలేదు.

బావ ట్రాక్టరు దిగి వచ్చి, ఎర్రటి పొడి అంటిన చెయ్యి నా భుజమ్మీద వేశాడు. "నవ్వియ్యనీకె అన్నవ్ గని, ముంచనీకె అన్నవా? పోనియ్ బామ్మర్దీ. మీ అక్క అన్నం వండింది, పా."

నేను కల్పించింది ఈ చివరి ముక్కే. బావ దిగలేదు. నన్ను చూశాడు, పోల్చుకున్నాడు, ట్రాలీని మళ్ళీ వెనక్కి తీయడంలో పడ్డాడు. నేను కాసేపు నిలబడి జనగామ బస్సెక్కాను. సాయంత్రం అక్క ఫోన్ చేసి, "కలిసినవా తమ్మీ? ఏమన్నడు?" అంటే ఆమెకూ ఆ 'పోనియ్ బామ్మర్దీ' మాటే చెప్పాను.

"అట్లన్నడా?" అంది అక్క. "ఇంట్ల నీ పేరు ఎత్తనిస్తలేడురా."