గేదె మేసి తీసిన దారి

అరవై డెబ్బై ఏళ్ల కిందటి మాట. పెళ్లయి మద్రాసు వాషర్‌మెన్‌పేటకు కాపురానికి వచ్చిన కొత్త. అత్తగారింట్లో పాడిగేదెకు మేత వేయడం నా పని. దండగ నాకు గిట్టదు. ఒక్క పరక ఎక్కువ పడనిచ్చేదాన్ని కాదు.

వరిగడ్డిని ఇరుకు గదిలో కప్పుదాకా పేర్చేవాళ్లం. ఒకరోజు అడుగున ఉన్న పాతగడ్డి ముక్కిపోతుందని, పైనున్న కొత్తది ముట్టకుండా కిందినుంచే లాగాను. మోపులన్నీ కూలి నన్ను గోడకు అదిమేశాయి. చేతులు ఆడలేదు. అరుద్దామని నోరు తెరిస్తే దుమ్ము. నా గొంతు గడ్డి దాటి బయటికి పోలేదు. ఊపిరి అందడం తగ్గిపోయింది.

ఎంతసేపయిందో, వాకిలి వైపు పరపరమని చప్పుడు. గేదె పలుపు తెంచుకొని వచ్చి గడ్డి లాగి తింటోంది. నా ముఖం మీద కాస్త వెలుతురు పడింది. వెంటనే అత్త గొంతు.

"ఏమే దొంగదానా, నెల మేత ఒక్కపూటకే తింటావా? ఉండు, కట్టె తెస్తా."

"అత్తా, కొట్టొద్దు. తిననీ."

"ఎవురది? కోడలా? తిననీ అనేది నువ్వేనా?" అంటూ ఆమె మోపులు లాగేసింది.

ఆ సాయంత్రం గేదెకు కొలత చూడకుండా వేశాను. మర్నాటినుంచి మళ్లీ కొలతే. అయితే గడ్డి పైనుంచే తీసేదాన్ని. అది మేసినంతసేపూ పక్కనే నిలబడేదాన్ని.