బావ ఎత్తిన ఫోన్

నేను కంప్యూటర్‌లో అయస్కాంతాలు తయారుచేసేవాణ్ణి. ఏ లోహం ఎంత కలిపితే ఎంత బలం వస్తుందో లెక్క కట్టడమే నా ఉద్యోగం. ఇలాంటివాడు దెయ్యాల మాట ఎత్తితే ఎవరైనా నవ్వుతారు. నేనూ నవ్వేవాణ్ణే.

అరుదుగా దొరికే నియోడిమియం బాగా తగ్గించి, బదులుగా చవకైన సీరియం వేసి, ఇనుప పలకలు ఎత్తే అయస్కాంతం ఒకటి రూపొందించాను. కూర్మన్నపాలెం దగ్గర షెడ్డులో దాన్ని పరీక్షించేది మా అక్క భర్త రాంబాబు బావే. "నువ్వు లెక్కేసినాక నాకు బయమేట్రా" అన్నాడు.

పరీక్ష రోజు ఉదయం పదింటికి నా తప్పు నాకే కనబడింది. లోపల ఎక్కడా అతుకు లేని లోహం అనుకుని లెక్క వేశాను. నిజమైన అయస్కాంతం సన్నటి రేణువుల ముద్ద. ఆ రేణువుల అంచులు కూడా కలిపి చూస్తే, వేడి తగలగానే పట్టు సడలిపోతోంది. బావ ఎత్తబోయేది వేడి పలక!

ఫోన్ చేశాను. ఎత్తలేదు. అయస్కాంతం దగ్గరకు ఫోన్లు, వాచీలు తీసుకెళ్ళరు. బయట వాచ్‌మన్ దగ్గరుండే బిస్కెట్ డబ్బాలో పెట్టి వెళ్తారు. తెలిసీ పిచ్చివాడిలా చేస్తూనే ఉన్నాను. గాజువాక ట్రాఫిక్‌లో పడి వెళ్ళేసరికి గంట పడుతుంది. చివరికి వాచ్‌మన్ నంబరు దొరికింది. అతనికి చేసేముందు బావకు ఇంకొక్కసారి చేశాను.

ఎత్తాడు.

"ఏట్రా గాబరా? ఆపేసినాం. నాను బయటకొచ్చేసినాను. నువ్వు టీ తాగు."

బావ గొంతే. హమ్మయ్య అని కూలబడ్డాను. వాచ్‌మన్‌కు ఫోన్ చేయలేదు. నిజంగానే టీ తాగాను.

పావుగంట తర్వాత పలక జారి బావ మీద పడింది. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు.

పని ఆపనే లేదట. బావ బయటకు రానే లేదట. డబ్బా తన ఒళ్ళోనే ఉందని, మూత తియ్యలేదని వాచ్‌మన్ ఒట్టేశాడు. బావ ఫోన్‌లో అన్నీ మిస్డ్ కాల్సే. నా ఫోన్‌లో మాత్రం చివరి కాల్ ముప్పై ఎనిమిది సెకన్లు మాట్లాడినట్టుంది. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకుని ఎన్నిసార్లు చూశానో. మాట్లాడిందెవరో నాకు ఈరోజుకీ తెలీదు.

అక్క ఇప్పటికీ అడుగుతుంది. "మల్లీ సెప్పరా, బయటకొచ్చేసినానన్నాడా?"

"అన్నాడక్కా."

అది వింటే ఆమెకు కాస్త ఊరట. కళ్ళు తుడుచుకుని లేస్తుంది. ఆ పావుగంటా నువ్వేం చేశావని మాత్రం ఎప్పుడూ అడగలేదు.