మూడు గాట్ల లెక్క

ఆ చాప ఇటు జరుపుకొని నా పక్కన కూర్చోండి. లెక్క సరిగ్గా చెప్పినందుకు నా చదువు ఎట్లా పోయిందో చెబుతాను.

బేతంచెర్లలో మా నాయన బండలు తీసే కూలి. ఇది పంతొమ్మిది వందల యాభైల్లో, నేను ఐదో తరగతి ముగించిన ఏటి మాట. గని మేస్త్రి దగ్గర నిచ్చెన వాలు కొలిచేందుకు గుండు వేలాడే చెక్క ఉండేది, దానిమీద మూడు గాట్లు. మొదటిది ముప్పై డిగ్రీల వాలు, రెండోది అరవై, మూడోది నిట్టనిలువు. పదడుగుల నిచ్చెనను మొదటి గాటుకు వాలిస్తే ఐదడుగుల ఎత్తు అందేది. అప్పటిదాకా గనిలో ఎక్కాల్సిన రాతి గట్లు పొట్టివి, అంతకు మించి అవసరం పడలేదు. కొత్త గట్టు తొమ్మిదడుగులు.

"రెండో గాటు రెండింతల వాలు గదా, పదడుగులు అందుతాది. నిచ్చెన వెదుర్లు పదడుగులకే కోయండప్పా" అన్నాడు మేస్త్రి.

నాయనకు సంగటి తెచ్చిన నేను ఊరుకోలేదు. "అట్లయితే మూడో గాటుకు పదైదు రావల్ల గదా! పదడుగుల నిచ్చెన పదైదుకు ఎట్ల అందుతాది?"

"ఏమప్పా, నీ కూతురు నాకు నేర్పిస్తాండాదే!"

సాయంత్రం మా బడి అయివారిని అడిగాను. ఆయన మేకు పాతి, పదడుగుల తాడుతో మట్టిలో పావు చుట్టు గీయించారు. గీత మొదట నిలువుగా ఎగబాకి, పైకి పోయేకొద్దీ పక్కకు ఒరిగింది. మొదట్లో పెరిగినంతగా చివర్లో ఎత్తు పెరగదని నాకు అప్పుడు తెలిసింది.

"మొదటి గాటుకు ఎత్తు ఎంతో, రెండో గాటుకు నిచ్చెన కాలు గోడకు అంత దూరం, ఐదడుగులు. పది పదులు వందలోంచి ఐదైదులు ఇరవై ఐదు తీసెయ్. మిగిలిన డెబ్బై ఐదు, ఏ అంకెను దాంతోనే హెచ్చిస్తే వస్తుంది?"

ఎనిమిది చాలలేదు, తొమ్మిది ఎక్కువైంది. మధ్యలో వెతికి వెతికి ఎనిమిదడుగుల ఎనిమిది అంగుళాల దగ్గర ఆగాం. ఆ ఎత్తును నిచ్చెన పొడుగుతో భాగిస్తే వచ్చేదే సైను అన్నారు.

"నాలుగంగుళాలు తక్కువొస్తాది నాయనా" అన్నాను ఇంటికొచ్చి.

నాయన నవ్వాడు. "నీ మాటే నిజమైతే నిన్ను కర్నూలు పెద్దబడికి పంపిస్తా, పో."

మర్నాడు నిచ్చెన వాల్చారు. గుండు రెండో గాటు మీద నిలిచింది. గట్టు అంచుకు సరిగ్గా నాలుగంగుళాల కింద ఆగింది నిచ్చెన.

"ఏం మేస్త్రీ, మిగతాది యాడ మింగినావప్పా?" అని కూలోళ్లు పగలబడి నవ్వారు.

మేస్త్రి మా నాయన వైపు తిరిగాడు. "శానా సదివించినావులే. రేపట్నుంచి నీకు ఈడ పనిలేదు."

మూడు రోజులు నాయన మేస్త్రి గుమ్మంలో నిలబడ్డాడు. నాలుగో రోజు పని దొరికింది. ఆ సాయంత్రం నా పలక అటక మీదికి విసిరేసి, "నీ నోటితోనే మన కూడు పోయేది, రవ్వంతలో తప్పింది. ఇంక సదువు మాటెత్తద్దు" అన్నాడు.

"నాది తప్పా నాయనా?" అని అడిగాను.

"తప్పు గాదు. అందుకే గదా ఇంత జరిగింది" అన్నాడు, నా మొహం చూడకుండా.

మరుసటి వారం నుంచి నేను బండలు నునుపు పెట్టడానికి పోయాను. నాయన పోయి ఎన్నో ఏళ్లయింది. మాటిచ్చి నా చదువు మాన్పించిన ఆ ఒక్కటీ నేను ఈనాటికీ క్షమించలేదు.

మీ గడపలో ఆడబిడ్డ నిజం చెప్పిన రోజు, మీ పొయ్యి ఆరిపోకుండా ఉండుగాక. మీ ఇల్లు చల్లగుండ.