పదకొండో వ్యాసంలో ఒక వాక్యం

నా పేరుతో అచ్చయిన వ్యాసాలు ఇరవై మూడు. మొదట్లోవి కుష్ఠు, తామర వంటి అంటువ్యాధుల మీద, తర్వాతవి చర్మ క్యాన్సర్ మీద. పదకొండోది ఆ రెంటి మధ్యా ఉంటుంది. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆమె నరసాపురం వైపు నుంచి మా ఆసుపత్రికి వచ్చింది. చేపలమ్ముకునే మనిషి, యాభై దాటి ఉంటాయి. ఎడమ మడమ మీద నల్లటి మచ్చ, దాని మధ్యలో మానని పుండు. పద్నాలుగు నెలలుగా డాక్టర్ల చుట్టూ తిరుగుతోంది. చీటీలన్నీ తడవకుండా పాలిథిన్ కవర్లో దాచుకుంది. ఇద్దరు ఆనె అన్నారు. ఒకరు ఫంగస్ అని పూతమందు ఇచ్చారు. ఆఖరివారు కుష్ఠు అని మాత్రలు మొదలుపెట్టారు. ఆ చీటీ మీద సంతకం మా చర్మవ్యాధుల విభాగం పెద్ద, హెచ్‌ఓడీ గారిది.

పుండు పక్కన సూదిమొనతో తాకి, "తెలుస్తోందా అమ్మా?" అన్నాను.

ఆమె కాలు విసురుగా లాక్కుంది. "తెలీకపోవడమేంటండీ, ప్రాణం పోతుంటే!"

కుష్ఠు పుండయితే సాధారణంగా అక్కడ స్పర్శ ఉండదు. అది చూడడానికి అర నిమిషం చాలు. పద్నాలుగు నెలల్లో ఆ అర నిమిషం ఎవరికీ దొరకలేదు.

ముక్క తీసి పరీక్షకు పంపితే చర్మ క్యాన్సర్ అని తేలింది. పెద్ద ఊరికి పంపించాం. అక్కడ సగం పాదం తీసేశారు.

"అరుదైన కేసు, దీనిమీద వ్యాసం రాయమ్మా. నీ పేరే ముందు పెడదాం," అన్నారు హెచ్‌ఓడీ గారు.

రాశాను. నలుగురు డాక్టర్లు చూసినా గుర్తించలేదని స్పష్టంగా రాశాను. ఆయన దిద్ది, సంతకానికి పంపారు. పైన నా పేరు చూసుకుని మురిసిపోయి, లోపల చదవకుండానే సంతకం పెట్టేశాను. ఆ తప్పు నాదే.

వ్యాసం అచ్చయ్యాక ఆమె చంకకర్రతో చూపించుకోవడానికి వచ్చింది. వెంట డిగ్రీ చదివే కూతురు. ఆ పిల్ల నెట్‌లో దొరికిన ఆ వ్యాసాన్ని ఫోన్లో తెరిచి నా ముందు పెట్టింది.

"మేడమ్, రోగి నిర్లక్ష్యం వల్లే ఆలస్యమైందని రాశారేంటండీ?"

చదివాను. నిజంగానే ఉంది. నా పేరు కిందే ఉంది.

తల్లి కోప్పడలేదు. "నేనేం నిర్లక్ష్యం చేశానండి, డాక్టరమ్మగారూ?" అని మాత్రం అడిగింది. తిట్టినా బాగుండేది.

అప్పటికప్పుడు హెచ్‌ఓడీ గారి గదికి వెళ్ళాను. "నేను రాసింది ఇది కాదండి."

"మన తప్పు మనమే అచ్చేసుకుంటామా ఏంటమ్మా? అయినా ఆవిడకి ఇంగ్లీషొచ్చా?"

"వాళ్ళమ్మాయికి వచ్చండి. సవరణ పంపుతున్నాను."

"నీ ప్రమోషన్ ఫైలు నా టేబుల్ మీదే ఉంది, గుర్తుపెట్టుకో."

ఆ సాయంత్రమే నాలుగు చీటీల నకళ్ళు జత చేసి పత్రికకు పంపాను. నెలలు గడిచాక ఏదో మూల మూడు లైన్లు వేశారు. నా ఫైలు మాత్రం ఆయన రిటైరయ్యే దాకా కదల్లేదు. వీడ్కోలు సభలో ఆయన వ్యాసాల సంఖ్య చదువుతుంటే హాలంతా చప్పట్లు కొట్టింది. నేను లేచి బయటికొచ్చేశాను.

సవరణ అచ్చయిన రోజే ఫోన్ చేసి చెబితే ఆమె, "అదంతా ఎందుకండీ, నాకు కుష్ఠు లేదని తెలుగులో రాసి స్టాంపేసివ్వండి. మా వీధిలో నా చేపలు కొనడం మానేశారు," అంది.

నాకు ఇంకా మండింది. మందు మొదలుపెడితే కుష్ఠు ఎదుటివారికి అంటదు. కుష్ఠు ఉన్నవాళ్ళ చేపలు మాత్రం ఎందుకు కొనకూడదు? ఆ వాదన ఆమెతో పెట్టుకోలేదు. పెద్ద అక్షరాలతో రాసి, స్టాంపు వేసి, నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. కూతురు దాన్ని వీధిలో ఇంటింటికీ తిరిగి చదివి వినిపించిందట. సగం మంది మళ్ళీ కొంటున్నారు. మిగతా సగం మంది ఇప్పటికీ ఆమె బుట్ట చూసి తలుపేసుకుంటారు.