జిడ్డు పట్టిన ఇన్హేలర్

మా అక్క మొగుడు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఇరవై ఏళ్లుగా వేపుళ్ల వంటవాడు. ఉబ్బసం మనిషి. అయినా బాణలి అడుగున నూనెలో మాడిన తుక్కంతా ఇంటికి తెచ్చుకుని తింటాడు.

"కొవ్వు ఎక్కువైతే ఊపిరి గొట్టాలు వాచొచ్చు, మందు కూడా సరిగా పనిచేయకపోవచ్చు," అంది డాక్టరమ్మ.

దానికి ఈయనగారు కనిపెట్టిన ఉపాయం, ముందు ఇన్హేలర్ పీల్చి తర్వాత పళ్లెం ముందేసుకోవడం.

"దారి ముందే శుభ్రం చేసుకున్నాగా మరదలా!" అని పళ్లికిలిస్తాడు.

నిన్న తింటూ తింటూనే ఆయాసపడ్డాడు. జిడ్డు వేళ్లలోంచి ఇన్హేలర్ మూడుసార్లు జారిపోతే, చివరికి నేనే పట్టుకుని నొక్కాను. ఊపిరి అందగానే ఆ మహానుభావుడు చేసిన మొదటి పని, వేళ్లు నాక్కోవడం.