రాజమ్మ వైపు వంచిన గేర్ రాడ్డు

ఈ రోజు రాయచూరులోని మా మెకానిక్ షెడ్డుకు నర్సయ్య శెట్టి తన పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారును ఎడ్లతో లాగించుకొని వచ్చాడు. నిరుడు పత్తి మిల్లులో ఆయన ఎడమ చెయ్యి మోచేతి దాకా పోయింది. అప్పటినుంచి ఆ కారు కదల్లేదు.

"గేర్ రాడ్డు మార్చి, కుడి చేతికి అందేటట్టు చెయ్యి," అన్నాడు.

"స్టీరింగ్ ఇడిస్తెనే అందుతది శెట్టయ్యా. అట్ల నడిపితే పానానికే మోసం," అన్నాను.

ఆయన ఖాళీ చొక్కా చేతిని మడుచుకుంటూ కూర్చున్నాడు. వెంట వచ్చిన భార్య రాజమ్మ కాసేపు ఆ రాడ్డునే చూసింది.

"జర పొడుగుది ఏసి నా దిక్కు వంచన్నా. ఆయన క్లచ్ తొక్కి చెప్తె నేను మారుస్త."

కాలువ పనుల్లో తిరిగి మూలపడ్డ జీపుది రాడ్డు ఒకటి ఉంటే కాల్చి, వంచి బిగించాను. సాయంత్రం నేను చూస్తుండగానే ఇద్దరూ మాన్వి రోడ్డెక్కారు. ఆయన "రెండు" అన్నాడు, ఆమె లాగింది, గేర్లు గరగరమన్నాయి. "మూడు" అన్నప్పుడు గేరు చప్పుడే లేకుండా పడింది.

తిరిగొచ్చాక శెట్టి చాలాసేపు కారు దిగలేదు. ఆమె కూడా దిగమనలేదు.

రాడ్డు అలా వంచడం పద్ధతి కాదనే మెకానిక్కులు ఉంటే చెప్పండి, వింటాను. సరిచేయమంటే మాత్రం చేయను.