నా పాపంలో బావ వాటా

పోయిన ఆదివారం కామారెడ్డి గుడిలో మా కుర్ర పాస్టరుగారు, శోధనను ఎలా గెలవాలో పడుచువాళ్లకు చెప్పమని నన్ను లేపి నిలబెట్టారు. ఎనభై దాటినవాడు అన్నీ గెలిచే ఉంటాడని ఆయన నమ్మకం కాబోలు. నేను ఎప్పుడూ చెప్పేదే చెప్పాను: వయసులో ఉన్నప్పుడు మా అక్క మొగుడు ఈతవనంలో కల్లు ముంత నోటి దగ్గర పెడితే ఎడమకాలితో తన్నాననీ, ఆ తర్వాత ఆయన నాకు చేసిన ద్రోహాన్ని క్షమించాననీ. మొదట్లో అది ఒక్క ముంతే. ఏళ్లు గడిచేకొద్దీ మూడయ్యాయి. ఈసారి కల్లు గీసేవాడు కూడా చెట్టు దిగి మారుమనస్సు పొందాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ముంతను తన్నలేదు, ఖాళీ చేశాను. క్షమించనూ లేదు.

అప్పటికింకా నిజాం రాజ్యమే. నేను కామారెడ్డిలో వడ్ల బస్తాలు మోసేవాణ్ణి. అక్కను ఎల్లారెడ్డిలో ఇచ్చారు. బావ అక్కడ సంఘ పెద్ద. ప్రభు సంస్కారం రోజున రొట్టె పళ్లెం ఆయనే పట్టేవాడు. దాన్ని పట్టుకుని నడుస్తుంటే ఊరి పటేలు కూడా అంత ఠీవిగా కనిపించేవాడు కాదు. సంస్కారం ఇచ్చే అయ్యగారు మూడు నెలలకోసారి కచ్చడం బండిలో వచ్చేవారు. రొట్టె విరిచే ముందు, తప్పు చేసినవాళ్లు లేచి అందరి ముందూ నోటితో ఒప్పుకోవాలి. ఇప్పటిలా కళ్లు మూసుకుని మనసులో అనుకుంటే చెల్లేది కాదు. ఒకసారి నేను అక్కను చూడబోతే, కోతలు అయిపోయిన సంబరంలో బావే నన్ను ఈతవనానికి తీసుకెళ్లి, తనూ తాగి నాకూ పోశాడు. మమ్మల్ని ఎవరో చూశారు. ఆ మాట అయ్యగారి చెవిన పడేలోపు, ఆ వారం వచ్చిన సంస్కారపు ఆదివారం గుడిలో బావే లేచి, తన బామ్మర్ది కల్లు తాగాడని బాధపడుతూ చెప్పాడు. తన సంగతి చెప్పలేదు. నన్ను ఆరు నెలలు ప్రభువు బల్లకు, అంటే ఆ రొట్టెకు, దూరం పెట్టారు. దోమకొండలో నాకు అనుకున్న పిల్ల తండ్రి, తాగుబోతుకు పిల్లనివ్వనని కబురంపాడు. ఆ పిల్లను రెండుసార్లే చూశాను. అయినా ప్రతి బస్తా ఎత్తేటప్పుడూ బావను ఎత్తి కుదేస్తున్నట్టే ఉండేది.

ఆయన గడ్డివాముకు నిప్పు పెడదామనుకున్నాను, ఎద్దును తోలుకుపోదామనుకున్నాను. చివరికి ఒకటి తట్టింది: పాపం ఒప్పుకునేవాణ్ణి ఎవరూ ఆపలేరు. ఆ ఆరు నెలలూ శోధనంటే నాకు కల్లు కాదు, ఒప్పుకోలే. గడువు తీరాక ఎల్లారెడ్డికి నడిచాను. దారి పొడవునా మాటలు నూరుకుంటూనే ఉన్నాను. అయ్యగారు అడగగానే లేచాను.

“నేను తాగిన అయ్యగారు. పోసింది మా బావ. ఆయన గూడ తాగిండు.”

అంతవరకూ నిజమే. అక్కడ కూర్చుంటే సరిపోయేది. కానీ బావ తల ఇంకా వంగలేదు.

“నా మీద చెప్పిన ఆదివారం గూడ పొద్దుగాలనే తాగొచ్చి, గదే చేతితోని రొట్టె పళ్లెం పట్టిండు,” అన్నాను.

అది పచ్చి అబద్ధం. అయ్యగారు బావ వైపు తిరిగి నిజమేనా అని అడిగారు. బావ నన్ను చూశాడు, ఆడవాళ్ల వైపు కూర్చున్న అక్కను చూశాడు.

“నిజమే అయ్యగారు,” అన్నాడు.

అక్కడికక్కడే ఆయన పెద్దరికం తీసేశారు. ఆ రోజు నేను రొట్టె తిన్నాను, సంతోషంగా తిన్నాను. తిరిగి బయల్దేరుతుంటే అక్క జొన్నరొట్టెల మూట తెచ్చి చేతిలో పెట్టింది.

“గా ఆదివారం పిల్లకు జరమొస్తే, గుడి గంట కొట్టేదాక మీ బావ ఇల్లు కదలలే, తమ్మీ.”

“మరి కాదనకపాయె?”

“నేను గూడ గదే అడిగిన. కాదంటే వాన్ని మల్ల బల్లకు రానియ్యరు, పిల్లనిచ్చేటోడు గూడ దొరకడు అన్నడు. నేను వానికి జేసిన దానికి గిది తక్కువే అన్నడు.”

పశ్చాత్తాపం కలిగిందని రాస్తే బాగుంటుంది కానీ, నాకు ఒళ్లు మండింది. కుంగిపోవాల్సినవాడు నాకంటే ఎత్తయ్యాడు. నా పగను నా చేతిలోంచి గుంజుకున్నాడు. ఆ తర్వాత ఆయన పోయేదాకా వెనక వరుసలో, చెప్పులు విడిచే చోటే కూర్చున్నాడు. కనిపిస్తే “ఏం బామ్మర్దీ, పానం మంచిగున్నదా” అని ఎప్పటిలాగే అడిగేవాడు. నిజం చెప్పడానికి ప్రతి సంస్కారంలోనూ వీలుండేది. లేవడానికి మోకాళ్ల మీద చేతులు ఆనించేవాణ్ణి. అంతలో ఎవరో పాట ఎత్తుకునేవారు, నేనూ గొంతు కలిపేవాణ్ణి. బావ పోయాడు, అక్క పోయింది, ఆ రోజు గుడిలో ఉన్నవాళ్లలో నేనొక్కణ్ణే మిగిలాను. పగ తీర్చుకోవడానికి ఆరు నెలలే నాకు యుగంలా గడిచాయి. ఒక్క అబద్ధం ఒప్పుకోవడానికి అరవై ఏళ్లు మాత్రం ఇట్టే గడిచిపోయాయి.